కుడికాలు నాది

జూన్ 6

ఒరేయ్ బుడ్డోడా,

నిన్న ఫోన్ పెట్టేసింది నేనే. లైన్ కట్టయిందని మీ ఆవిడతో చెప్పుకున్నావట, పరువు కాపాడుకోవడానికి. దానంతట అది కట్ అవలేదు, నేనే కట్ చేశాను. ఫోన్లో అయితే నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, ఇద్దరిలో ఒక్కరం కూడా చివరిదాకా వినం. అందుకే ఈ ఉత్తరం. దీన్ని చదువుతూ అరిచినా నాకు వినబడదు కాబట్టి హాయిగా అరుచుకో.

ఇప్పుడు అసలు సంగతి. కుడి పాదం పుండు మూడు నెలలైనా మానలేదు. షుగరున్న కాలు కదా, కుట్టుమిషను పెడలు అంచు రాసుకుపోతున్నా నాకు తెలియనే లేదు. చిటికెన వేలు నల్లబడింది. సర్జన్ కాలు చూశాడు, నా మొహం చూడలేదు, "పాదం ముందు భాగం తీసేద్దాం" అన్నాడు. నేను గుడ్డ మీద కత్తెర పెట్టేముందు ఒకటికి రెండుసార్లు కొలుస్తాను. ఈయన ఒక్క చూపు చూసి కత్తిరిస్తానంటాడా అనిపించి లేచి వచ్చేశాను.

నువ్వేమో "ప్రాణం ముఖ్యమక్కా, తీయించేసుకో" అన్నావు. ప్రాణం ముఖ్యమే, కాదనను. ఆ ప్రాణాన్ని ఇన్నేళ్ళు పోషించింది ఈ కుడికాలే. దీంతో మిషను తొక్కి నీకు మొదటి పాంటు కుట్టాను, నా పిల్లలిద్దరినీ చదివించాను. మోటారు మిషను కొనిపెడతానన్నావు. మోటారు మిషనుకీ కాలే కావాలిరా, తెలివైనవాడా.

ఒత్తిడి పెంచిన గదిలో ఆక్సిజన్ పీల్పించే వైద్యం ఒకటుందట. నెత్తురు సరిగా అందని పుండుకి కూడా ఆక్సిజన్ చేరుతుందట. షుగరు పుళ్ళకి ఇస్తారని మా షాపుకొచ్చే ఒకావిడ చెప్పింది. మా వీధి చివర బ్యూటీ పార్లర్ పక్కన అలాంటి సెంటర్ ఒకటి తెరిచారు. రేపట్నుంచి వెళ్తున్నాను. నీ అనుమతి అడగడం లేదు, కబురు చెబుతున్నాను.

నీ అక్క,
రెండు కాళ్ళ మీదా నిలబడి రాస్తున్నది

జూన్ 13

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. పక్కనున్నవాళ్ళు ఏమైంది మేస్త్రీ అని అడిగారు, మొహం అలా మాడిపోయిందట.

నేను వెల్డింగు పని చేసేవాణ్ణి. పొద్దున లేస్తే ఆక్సిజన్ సిలిండరు మొహమే చూస్తాను. దాన్ని చూసి నవ్వను, ఆడుకోను. నూనె చేత్తో దాని మూత ముట్టుకోను. ఆక్సిజన్ తనంతట తాను మండదక్కా, కానీ పక్కన మండే దేన్నయినా రాక్షసిలా మండిస్తుంది. నా ఎడం చెయ్యి మీద మచ్చ నువ్వే కడిగి కట్టు కట్టావు, మర్చిపోయావా? ఒక్క నిప్పురవ్వ, ఒక్క నూనెగుడ్డ, అంతే. అలాంటి గాలి నింపిన డబ్బాలో నువ్వు పడుకుంటానంటే నాకు నిద్ర పడుతుందా?

వెళ్ళక మానవు, నువ్వు మొండిఘటానివని తెలుసు. అందుకని ఇవి చెప్పు. లోపలికి ఏ బట్టలతో వెళ్తున్నావు? తలకి నూనె రాసుకున్నావా? ఫోను బయట పెట్టించారా? నువ్వు లోపలున్నంతసేపూ పక్కన ఎవరుంటున్నారు? అతనికి పని వచ్చా?

వేలు పోయినా పాదం పోయినా నువ్వు నువ్వే. నీకేమన్నా అయితే మాత్రం నేను నేను కాదు. ఈ మాట ఫోన్లో చెబుదామనుకునేలోపు పెట్టేశావు.

బుడ్డోడు

జూన్ 20

ఒరేయ్ పోలీసు ఇన్‌స్పెక్టరూ,

నీ ప్రశ్నలన్నిటికీ కలిపి ఒకటే జవాబు. అక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. మనిషిని నమ్మితే అలా ఉంటుంది. నా పాలిస్టరు బట్టలతోనే పడుకున్నాను. తలకి నూనె ఉంది. ఫోను చేతిలోనే ఉంది, పాటలు విన్నాను. గాలితో ఉబ్బే డేరా అది, మనల్ని లోపల పడుకోబెట్టి జిప్పు లాగేస్తారు. జిప్పు మాత్రం నాసిరకం, అది నా కంటికి ముందే పడింది. పక్కన ఎవరుంటారన్నావు, ఓనరు ముందుగదిలో ఉంటాడు, పిలిస్తే పలుకుతాడు, పార్లర్లో జనం లేకపోతే.

గోడ మీద ఎంత పెద్ద జాబితా ఉందో. జుట్టు రాలడం, ముడతలు, మోకాళ్ళు, మతిమరుపు, మాటలు రాని పిల్లలు, క్యాన్సరు, అన్నీ నయమవుతాయట. అన్ని రోగాలు పోగొట్టేదానికి నా పుండు ఒక లెక్కా? రెండోరోజు చెవిలో పోటు వచ్చింది. "ఓర్చుకోండి మేడమ్, పనిచేస్తోందన్నమాట" అన్నాడు. ఓర్చుకున్నాను. కాలి కట్టు విప్పే బాధ కూడా లేదు, కట్టుతోనే పడుకోమంటాడు. ఎంత సుఖమో చూడు.

నువ్వు మాత్రం ఊళ్ళో కూర్చుని పుండు మీద కారం చల్లుతున్నావు. కాస్త ధైర్యం నేర్చుకో.

అక్క

జూన్ 26

అక్కా,

కట్టు విప్పకుండా పుండుకి వైద్యం ఏంటి?

నా దగ్గరికి విరిగిన గేటు వస్తే ముందు విరిగిన చోటు చూస్తాను. తుప్పుందా, సన్నబడిందా, అతుకు నిలుస్తుందా అని చూస్తాను. ఇనుప గేటుకి ఇచ్చే మర్యాద వాడు నీ కాలికి ఇవ్వలేదు. చెవి పోటుని ఓర్చుకోమన్నవాడు మంచివాడెలా అయ్యాడు? నీ ఫోను వేడెక్కి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అది నీకు రాయను.

నాకు అర్థమైందేంటంటే ఈ ఆక్సిజన్ వైద్యమంతా బూటకం. అందుకే బావతో మాట్లాడాను. సర్జన్ దగ్గర ఆపరేషన్‌కి తారీఖు తీసుకున్నాం, వచ్చే నెల రెండో వారం. నన్ను తిట్టుకో, మాట్లాడకు, నా మొహం చూడకు. కానీ బతుకు.

బుడ్డోడు

జూలై 7

తమ్ముడికి,

బుడ్డోడా అని పిలవడం లేదు, గమనించు. అంత కోపంగా ఉన్నాను.

నా కాలికి నువ్వూ మీ బావా కలిసి ముహూర్తం పెట్టారన్నమాట. నన్ను అడగకుండా. ఆయన్ని నిలదీస్తే నీళ్ళు నమిలి, చివరికి నీ మీదకు తోసి కాఫీ తాగడానికి వెళ్ళిపోయాడు. మీ ఇద్దరికీ ఒకటే చెబుతున్నాను. ఈ కాలు నాది. దీని గురించి సంతకం పెట్టే చెయ్యీ నాదే. తారీఖు రద్దు చేశాను. ఆ ఆసుపత్రి అమ్మాయి "కారణం ఏం రాయమంటారు?" అంటే "పేషెంటు ఒప్పుకోలేదని రాయి" అన్నాను.

ఇంత కోపంలోనూ నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. నీ మొదటి వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే సెంటర్‌కి వెళ్ళి ఓనర్ని అదే అడిగాను, కట్టు విప్పకుండా వైద్యం ఏంటని. పళ్ళికిలించి "మేడమ్, మేం డాక్టర్లం కాదుగా" అన్నాడు. చెప్పులేసుకుని వచ్చేశాను.

నేరుగా పుళ్ళ వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను, ఊరవతల ఆసుపత్రిలో. ఆవిడ కూర్చోగానే చేసిన మొదటి పని కట్టు విప్పడం. పుండులో కుళ్ళు శుభ్రం చేసింది, యాంటీబయోటిక్ రాసింది, కాలికి నెత్తురెలా అందుతోందో పరీక్ష చేయించింది, ఆ పాదం మీద బరువు పడకుండా బూటు తొడిగింది, షుగరు అదుపులో లేదని చీవాట్లు పెట్టింది. ఇవన్నీ జరిగాకే ఆక్సిజన్ మాట ఎత్తింది. నువ్వు చదివి గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఈ వైద్యం వీటన్నిటితోపాటు చేసేది, వీటి బదులు చేసేది కాదట. జుట్టుకీ ముడతలకీ మతిమరుపుకీ అని అమ్మేవాళ్ళని నమ్మొద్దంది. షుగరు పుళ్ళలోనూ కొన్నిటికే, రేడియేషన్‌తో దెబ్బతిన్న ఎముకకీ, బొగ్గు పొగ పీల్చి పడిపోయినవాళ్ళకీ, ఇలా లెక్కపెట్టి కొన్నిటికే ఇస్తారట.

"నా పాదం నిలుస్తుందా?" అని అడిగాను. "మాట ఇవ్వలేను. అవకాశం పెరుగుతుంది. నల్లబడిన వేలు మాత్రం తిరిగి రాదు" అంది. మాట ఇవ్వలేనన్నందుకే ఆవిణ్ణి నమ్మాను. ఆ సెంటర్ వాడు మాటలిస్తూనే ఉండేవాడు.

నా పుండుకి పనికొస్తుందని ఆ ఆసుపత్రిలోనే మొదలుపెట్టించింది. ఇక అక్కడ ఆక్సిజన్ గొట్టం గది చూసుకునే ఆవిడ సంగతి. ఆవిడకి నేను టీచరమ్మ అని పేరు పెట్టాను. ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీశారా, జలుబుందా, చెవి ఆపరేషన్ అయిందా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, ఏ మందులు వాడుతున్నారు, సిగరెట్టు తాగుతారా, అన్నీ అడిగింది. మందుల సంగతి దాస్తే ప్రమాదం మనకేనట. తలకి నూనె, మొహానికి క్రీము, గోళ్ళ రంగు, సెంటు, గడియారం, ఏదీ ఉండకూడదు. వాళ్ళిచ్చే నూలు గౌనే వేసుకోవాలి. అన్నీ తీసేశానని ధీమాగా వెళ్తుంటే నా జుట్టు ముడి చూసి ఆపింది. ముడిలో రెండు గుండుసూదులు. అలవాటురా, గుడ్డకి గుచ్చడానికి అక్కడే దాచుకుంటాను. "రేపట్నుంచి ముందు మీ తల వెతుకుతాను" అంది, చిన్నపిల్లకి పేలు చూసేదానిలా.

అద్దంలాంటి గొట్టం అది, అటూ ఇటూ అంతా కనబడుతుంది. ఒత్తిడి పెరుగుతుంటే కొండెక్కే బస్సులోలా చెవులు దిబ్బడేస్తాయి. గుటకలు మింగాలి, ముక్కు మూసి మెల్లగా ఊదాలి. నొప్పి వస్తే వెంటనే చెప్పాలి, ఆపి సర్దుతారు. ఇక్కడ ఓర్చుకోవడం తప్పు. అరుదుగా మూర్ఛ రావచ్చు, అందుకని మధ్యమధ్యలో మాస్కుతో మామూలు గాలి పీలుస్తాను. షుగరు పడిపోవచ్చు కాబట్టి ఏదైనా తిని వెళ్ళాలి, ముందూ తర్వాతా సూది గుచ్చి చూస్తారు. రెండు గంటలు. ఆదివారాలు, శనివారాలు తప్ప రోజూ, ఎనిమిది వారాలదాకా. టీచరమ్మ ఆ రెండు గంటలూ లేవదు, నా మొహమే చూస్తూ కూర్చుంటుంది. మీ బావ మా పెళ్ళయిన కొత్తలో కూడా అంతసేపు చూడలేదు.

నువ్వు ఇంకా బూటకమే అంటావు. అను.

నీ అక్క, ఇంకా కోపంగానే

ఆగస్టు 9

అక్కా,

నీ చేత్తో నువ్వు ఏదీ రాయడం లేదు, బావ ఫోన్ చేస్తే తెలుస్తోంది. మొన్న చిటికెన వేలు తీసేశారట. ఇప్పుడు కళ్ళు మసకలట. బస్సు బోర్డు చదవలేక వేరే బస్సెక్కి ఎక్కడో దిగావట. బావ కాలుకాలిన పిల్లిలా నీ కోసం ఊరంతా తిరిగాడట.

ఇదేనా నీ వైద్యం? ముందు వేలు, ఇప్పుడు కళ్ళు. దర్జీ కాలు లేకపోయినా గుడ్డ కత్తిరించుకుని బతుకుతుంది. కళ్ళు లేకపోతే? ఆ గొట్టం నిన్ను ముక్కముక్కగా తింటోంది, నువ్వేమో దాన్ని వెనకేసుకొస్తున్నావు. పాదం పోతుందని భయపడి నువ్వు మొత్తం మనిషినే పోగొట్టుకుంటున్నావు.

ఇక ఉత్తరాలు లేవు. ఆదివారం రాత్రి బండెక్కుతున్నాను. సోమవారం ఆ టీచరమ్మ ముందు నిలబడి ఆ యంత్రం ఆపిస్తాను. నా చెయ్యి పట్టుకు ఆపినా ఆగను.

బుడ్డోడు

ఆగస్టు 19

ఒరేయ్ వీరుడా,

నువ్వు బండెక్కి వెళ్ళి రెండురోజులైంది, మా ఆసుపత్రిలో నవ్వు ఇంకా ఆగలేదు.

నేను గొట్టంలో పడుకుని అంతా చూశాను. వినబడలేదు కానీ కనబడింది. తలుపు దగ్గర నువ్వు చేతులు ఊపుతూ టీచరమ్మ మీద ఒంటికాలి మీద లేవడం, ఆవిడ ప్లాస్టిక్ ట్రే నీ ముందు పెట్టడం, నువ్వు జేబులు ఖాళీ చేయడం. ముందు తాళాలు. తర్వాత నూనె మరకల గుడ్డ. తర్వాత చొక్కా పైజేబులోంచి నీ గ్యాసు వెలిగించే చెకుముకి. నిప్పు పుట్టించడం తప్ప ఇంకో పని చేతకాని వస్తువు. నాకు ఆక్సిజన్ పాఠాలు చెప్పి, రాక్షసి అని భయపెట్టి, చెకుముకి జేబులో పెట్టుకుని ఆక్సిజన్ గది తలుపు దాకా వచ్చినవాడు నువ్వు. నీ మొహం చూసి లోపల ఎంత నవ్వానంటే టీచరమ్మ మైకులో "మెల్లగా ఊపిరి తీయండి" అంది.

నువ్వు చెప్పులు కూడా విప్పేసి గోడకి ఆనుకుని నిలబడిపోయావు. అరగంట తర్వాత చూసినా అక్కడే ఉన్నావు. బయటికొచ్చి నీతో మాట్లాడదామంటే బండి టైమైందని వెళ్ళిపోయావు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, చివరిదాకా చదువు.

వేలు యంత్రం తినలేదు. అది పోతుందని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది, నీకు రాశాను, కోపంలో చదివినవాడికి ఎక్కలేదు. పాదం ముందు భాగమంతా తీస్తానన్న చోట ఒక్క వేలితో ఆగింది. కోసిన చోట ఎర్రటి కొత్త కండ వస్తోంది. అది చూసి డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది.

కళ్ళ మసక కూడా ఈ వైద్యంలో మామూలేనట. కొన్ని వారాలయ్యాక దూరపు చూపు తగ్గుతుంది, ఆపేశాక నెలల్లో మెల్లగా యథాస్థితికి వస్తుంది. అందుకని ఈలోపు కొత్త కళ్ళజోడు చేయించుకోవద్దన్నారు. ముందే చెప్పారు, నేనే మీ బావకి చెప్పలేదు. ఆయనకి చెబితే నీకు చెబుతాడని. చెప్పకపోయినా చెప్పాడు, సగం.

ఇంకో సంగతి విను. దూరం మసకైంది కానీ దగ్గరిది ఎలా కనబడుతోందనుకున్నావు? కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తున్నాను. పడుచుదాన్నయిపోయాను. కళ్ళజోడు మీ బావకి ఇచ్చేశాను. తొందరపడకండని టీచరమ్మ చెబుతూనే ఉంది, నేనెక్కడ వింటాను. ఆయన దానిమీదే కూర్చుని విరగ్గొట్టాడు. పీడా పోయింది.

వైద్యం ఆపను. వచ్చే నెల మొదట్లో అయిపోతుంది. నీ చెకుముకి ట్రేలోనే మర్చిపోయావు. టీచరమ్మ ఇంటికి పంపించింది, వచ్చినప్పుడు ఇస్తాను.

తొమ్మిది వేళ్ళ అక్క

సెప్టెంబరు 2

అక్కా,

చెకుముకి సంగతి షెడ్డులో ఎవరికీ చెప్పకు. మీ మరదలికి అప్పుడే చెప్పేశావని తెలిసింది, ఇంట్లో పిల్లలు నన్ను చూసి జేబులు తడుముకుంటున్నారు.

బండి టైము కాలేదు. అబద్ధం చెప్పాను. నిన్ను ఆ అద్దంలోంచి చూశాక వెళ్ళి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాను. ఎప్పుడూ మనిషంటే మనిషిలా ఇల్లంతా నిండి ఉంటావు, అందులో చిన్నపిల్లలా కనబడ్డావు. పడుకుని నవ్వుతున్నావు. నాకు భయమేసిందక్కా. అమ్మ పోయాక నన్ను బుడ్డోడా అని పిలిచేది నువ్వొక్కదానివే. నువ్వు పోతే నేను ఒక్కరోజులో ముసలివాణ్ణయిపోతాను. ఆ భయంతోనే సర్జన్ దగ్గర తారీఖు తీసుకున్నాను. పాదం పోయినా మనిషి మిగలాలని చూశానే గానీ, ఏ పాదం లేకపోతే ఆ మనిషి నువ్వు కావో ఆలోచించలేదు.

టీచరమ్మ నాతో ఒకే మాట అంది. "మీ అక్కగారిని ఆపడం మీ వల్ల కాదు. భయపడాలంటే నా పక్కన కూర్చుని భయపడండి" అంది. కూర్చోలేదు కానీ నిలబడ్డాను.

పాదం పూర్తిగా మానిందో లేదో దాచకుండా రాయి. మానకపోయినా రాయి.

నీ బుడ్డోడు

డిసెంబరు 3

ఒరేయ్ బుడ్డోడా,

ఇన్నాళ్ళు రాయలేదని మొహం మాడ్చుకోకు. మంచి కబురైతేనే రాద్దామని మొండికేసి కూర్చున్నాను. మధ్యలో ఒకసారి పుండు ఆగిపోయింది, ముందుకీ పోదు వెనక్కీ రాదు. డాక్టరమ్మ మళ్ళీ శుభ్రం చేసింది. అప్పుడు నేను కూడా భయపడ్డాను, ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెబుతున్నాను.

పుండు మూసుకుంది. చర్మం వచ్చేసింది, కొత్త గుడ్డలా పల్చగా. పోయిన వారం కట్టు కూడా తీసేశారు. ఇక జీవితాంతం రోజూ అరికాలు అద్దంలో చూసుకోవాలి, వాళ్ళు చెప్పిన చెప్పులే వేసుకోవాలి, షుగరు అదుపు తప్పకూడదు. మళ్ళీ పుండు పడితే ఆలస్యం చేయకుండా రమ్మంది. సరేనన్నాను. ఆవిడకి ఎదురు చెప్పలేను, మీ అందరికీ చెప్పగలను.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆ పాత ఆసుపత్రిలోకి వెళ్ళి సర్జన్ గది ముందు నుంచి నడిచాను. అటు వెళ్ళాల్సిన పని లేదు. కావాలనే వెళ్ళాను. ఆయన తల ఎత్తి చూశాడు, గుర్తుపట్టలేదు. అప్పుడూ నా మొహం చూడలేదుగా. పాదం చూపిస్తే గుర్తుపట్టేవాడేమో.

దూరం మళ్ళీ మామూలుగా కనబడుతోంది. బస్సు బోర్డులన్నీ చదువుతున్నాను, ఎక్కనివి కూడా. వాళ్ళు చెప్పినట్టే దగ్గరి చూపు మాత్రం పాత దారి పట్టింది. సూది బెజ్జం మళ్ళీ కనబడకుండా పోయింది. ఇచ్చేసిన కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాను, మీ బావ విరగ్గొట్టాడని గుర్తొచ్చి ఆయన్ని తిట్టాను. కొత్తది వచ్చే వారం వస్తుంది. అందాకా ఆగమన్నారు అందరూ. నేను ఆగలేదు.

ఉత్తరంతోపాటు పొట్లంలో ఒక చొక్కా పంపుతున్నాను, విప్పి చూడు. షెడ్డులో వేసుకోవడానికి. అసలైన నూలు, దారం కూడా నూలుదే, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకోదు. పైజేబు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నీకు తెలుసు. పాత మిషను మీద కుట్టాను, మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా కుడికాలితో తొక్కి. కుట్టు ఎక్కడైనా వంకర పోతే అది నా కళ్ళ తప్పు. కాలిని ఏమీ అనకు.

అక్క